అప్‌డేట్ నొక్కే ముందు: హ్యాండ్‌హెల్డ్ గేమింగ్ పరికరాల ఫర్మ్‌వేర్, మెమరీ కార్డులపై సమగ్ర మార్గదర్శి

మే నెలలో హైదరాబాదు సాయంత్రాలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకు తెలుసు. నాలుగింటి దాకా నిప్పులు చెరిగే ఎండ, అయిదింటికల్లా కమ్ముకొచ్చే మబ్బు, ముందు దుమ్ము, దాని వెనకే గాలివాన, ఆ వెంటనే కరెంటు పోవడం. అలాంటి ఒక సాయంత్రం చిక్కడపల్లిలోని మా ఇంట్లో, మా మేనల్లుడి చిన్న రెట్రో (పాత కాలపు ఆటలు ఆడించే) గేమింగ్ పరికరం కోసం కార్డు మీద కొత్త ఫర్మ్‌వేర్ రాస్తున్నాను. సగం అయ్యేసరికి కరెంటు పోయింది. డెస్క్‌టాప్ ఆగిపోయింది. మర్నాడు పొద్దున అదే ఇమేజ్‌ను, అంటే సిస్టమ్ మొత్తాన్ని ఒకే ఫైలుగా కట్టిన మూటను, మళ్లీ రాస్తే ఇరవై నిమిషాల్లో పరికరం మామూలుగా తెరుచుకుంది. కానీ వేసవి సెలవులంతా వాడు ఆడిన ఆటల సేవ్ ఫైళ్లు, అంటే ఎక్కడిదాకా ఆడాడో గుర్తుంచే ఫైళ్లు, లేవు.

కరెంటు వల్లే పోయాయని మొదట అనుకున్నాం. కాదు. ఇమేజ్ రాయడం మొదలైన తొలి క్షణంలోనే అవి పోయాయి. కరెంటు ఉన్నా పోయేవే. ఫర్మ్‌వేర్ అంటే లోపలి సిస్టమ్ మాత్రమే మారుతుందని, ఆటలు, సేవ్‌లు అదే కార్డులో భద్రంగా ఉంటాయని నేను నమ్మాను. "ఫరవాలేదు మామయ్యా, మళ్లీ ఆడతాను" అన్నాడు వాడు. ఆ మాట విన్నాక ఈ విషయాన్ని సక్రమంగా నేర్చుకోవాలనిపించింది. నేర్చుకున్నది ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇందులో వరుసే ముఖ్యం: ముందు నకలు, తరువాత కార్డు, చివరగా ఫర్మ్‌వేర్. కార్డు పని, ఫర్మ్‌వేర్ పని ఒకే పూట పెట్టుకోకండి. ఏదైనా తేడా వస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడం కష్టమవుతుంది.

ఫర్మ్‌వేర్ వేరు, ఫైల్ సిస్టమ్ వేరు

పరికరాన్ని మేల్కొలిపి, తెర, బటన్లు, బ్యాటరీ, వైఫై అన్నింటినీ నడిపించే లోపలి ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. ఫైల్ సిస్టమ్ కార్డులోని లెక్కల పద్ధతి. బేగంబజారు టోకు దుకాణాన్ని ఊహించుకోండి. వెనక గోదాములో బస్తాలు ఉంటాయి. ఏ బస్తా ఏ వరుసలో ఉందో, ఎవరిదో ఆవర్జా అనే లెక్కల పుస్తకం చెబుతుంది. కార్డులోని సమాచారం బస్తాలైతే, ఫైల్ సిస్టమ్ ఆ ఆవర్జా.

త్వరిత ఫార్మాట్ చేయడమంటే ఆవర్జా చించేసి తెల్ల పుస్తకం పెట్టడమే. బస్తాలు అప్పటికి గోదాములోనే ఉంటాయి. కాబట్టి పొరపాటున ఫార్మాట్ చేసిన కార్డు మీద కొత్తగా ఏమీ రాయకుండా పక్కన పెడితే, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొంతైనా తిరిగి దక్కే అవకాశం ఉంటుంది. కొత్త సరుకు దింపితే ఆ అవకాశం పోతుంది.

ఫైల్ సిస్టమ్‌లలో రకాలు ఉన్నాయి. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ అనే రకాల్లో ఆవర్జా మాత్రమే ఉంటుంది. ఫ్యాట్32 సాధారణంగా దానికి రెండు ప్రతులు ఉంచుతుంది, ఎక్స్‌ఫ్యాట్ ఒక్కటే. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ట్4 అనే రకాలు ముందుగా చిట్టా రాస్తాయి. షావుకారు చిట్టాలో రాసుకున్నాకే ఆవర్జాకు ఎక్కించినట్టు, చేయబోయే మార్పును ముందు నమోదు చేసి ఆ తరువాత అసలు లెక్క మారుస్తాయి. మధ్యలో కరెంటు పోతే చిట్టా చూసి లెక్క సరిచేసుకోగలవు. ఫ్యాట్ కుటుంబానికి ఆ వసతి లేదు. ఆట సేవ్ అవుతుండగా కార్డు లాగేస్తే ఆ కుటుంబపు కార్డులు ఎక్కువగా దెబ్బతినడానికి కారణం ఇదే.

మొదటి మెట్టు: సేవ్‌ల నకలు

ఆటను మళ్లీ దించుకోవచ్చు, ఫర్మ్‌వేర్ మళ్లీ దొరుకుతుంది. మీరు గడిపిన గంటలు మాత్రం సేవ్ ఫైల్లోనే ఉంటాయి. అది ఎక్కడ ఉంటుందో ఒక్కో పరికరంలో ఒక్కో తీరు.

నింటెండో స్విచ్‌లో సేవ్‌లు కార్డులో ఉండవు, లోపలి మెమరీలో ఉంటాయి. కార్డును కంప్యూటర్లోకి నకలు చేసుకుని నిశ్చింతగా ఉంటే సేవ్‌లు రక్షణలో ఉన్నట్టు కాదు. డబ్బు కట్టే ఆన్‌లైన్ సభ్యత్వం ఉంటే క్లౌడ్‌లో దాచుకోవచ్చు. అయితే అన్ని ఆటలకూ ఆ సౌకర్యం లేదు. ఆట గుర్తు మీద నిలిచి ప్లస్ బటన్ నొక్కి, సేవ్ క్లౌడ్‌లో ఉందో లేదో స్వయంగా చూసుకోండి. స్టీమ్ డెక్‌లోనూ అంతే. స్టీమ్ క్లౌడ్ చాలా ఆటలకు ఉంది, అన్నింటికీ లేదు.

సోనీ పాత పరికరం పీఎస్‌పీలో, మెమరీ స్టిక్ అనే దాని సొంత రకం కార్డులోని పీఎస్‌పీ ఫోల్డర్లో సేవ్‌డేటా అనే ఫోల్డర్ ఉంటుంది. దాన్ని మొత్తంగా కంప్యూటర్లోకి తీసుకుంటే చాలు. మిగతా వాటికంటే ఇది సులువు.

రెట్రో పరికరాల దగ్గర కాస్త ఆగాలి. వాటిలో సేవ్‌లు రెండు రకాలు. ఆటలోని మెనూ నుంచి ఆట తానుగా రాసుకునేది ఒకటి. ఏ క్షణంలోనైనా ఆటను స్తంభింపజేసి ఎమ్యులేటర్ (పాత గేమింగ్ యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్) తీసుకునే స్టేట్ రెండోది. మొదటిది పాత క్యాసెట్‌లోని బ్యాటరీ సేవ్ లాంటిది, ఎమ్యులేటర్ మారినా సాధారణంగా పనికొస్తుంది. రెండోది ఎమ్యులేటర్ మెమరీకి తీసిన అచ్చు. ఎమ్యులేటర్ కూర్పు మారితే ఆ స్టేట్ తెరుచుకోకపోవచ్చు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌లో ఎమ్యులేటర్లు కూడా మారతాయి కదా! అందుకే స్టేట్ మాత్రమే నకలు తీసుకుంటే సరిపోదు. అప్‌డేట్‌కు ముందు మీరు మధ్యలో ఉన్న ప్రతి ఆటనూ తెరిచి, ఆటలోని సేవ్ చోటు దాకా నడిచి, అక్కడ ఒక సేవ్ చేయండి. ఆ తరువాత పరికరాన్ని పూర్తిగా ఆపి, కార్డు తీసి, సేవ్‌ల ఫోల్డర్‌ను కంప్యూటర్లోకి తెచ్చుకోండి. కొన్ని ఫర్మ్‌వేర్లు సేవ్‌ను ఆట ఫైలు పక్కనే పెడతాయి. అనుమానం ఉంటే కార్డు మొత్తాన్ని నకలు చేయండి.

నకలు తీశాక అందులో ఒకటి రెండు ఫైళ్ల తేదీ, పరిమాణం చూడండి. సున్నా బైట్ల ఫైలు కనిపిస్తే కార్డు అప్పటికే జబ్బుపడి ఉండవచ్చు.

రెండో మెట్టు: కార్డు అసలుదేనా?

హైదరాబాదులో మెమరీ కార్డుకు కొదవ లేదు. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్, కోఠీ గుజరాతీ గల్లీ, ఎక్కడ చూసినా వరుసగా వేలాడుతుంటాయి. ధర ఆశ్చర్యంగా తక్కువగా ఉంటే మాత్రం బిల్లు అడగండి. బిల్లు ఇవ్వని చోట కొనకండి.

నకిలీ కార్డు చేసే మోసం ఇది: లోపల 8 జీబీ చిప్ ఉంటుంది, దాన్ని నడిపే చిన్న కంట్రోలర్‌కు మాత్రం "నేను 128 జీబీ" అని చెప్పమని నేర్పి ఉంటారు. కంప్యూటర్ ఆ మాట నమ్ముతుంది. మొదటి 8 జీబీ చక్కగా పనిచేస్తాయి. ఆ తరువాత రాసినవి గాలిలో కలుస్తాయి, లేదా మొదటి వాటి మీదే పడతాయి. అందుకే నకిలీ కార్డు మొదటి వారం కాదు, నెల తరువాత బయటపడుతుంది.

కనిపెట్టే దారి ఒక్కటే: కార్డు నిండా రాసి, మళ్లీ చదివి సరిచూడడం. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్‌లో ఎఫ్3 ఈ పని ఉచితంగా చేస్తాయి. సెకనుకు 20 ఎంబీ చొప్పున 128 జీబీ రాయడానికి దాదాపు గంటా నలభై ఏడు నిమిషాలు, చదవడానికి మరికొంత సేపు. రాత్రి పడుకునే ముందు పెట్టేయండి. కొత్త కార్డు మీద ఈ పరీక్ష చేయకుండా నేను ఒక్క ఆట కూడా ఎక్కించను.

128 జీబీ కార్డును విండోస్ 119 అని చూపిస్తే మోసం కాదు. తయారీదారు జీబీ అంటే వంద కోట్ల బైట్లు, విండోస్ 1024 లెక్కన భాగిస్తుంది. అదే లెక్కన 256 జీబీ సుమారు 238గా, 512 జీబీ సుమారు 476గా కనిపిస్తాయి.

కార్డు మీది గుర్తుల్లో యూ3, వీ30 అంటే వరుసగా రాసేటప్పుడు కనీసం సెకనుకు 30 ఎంబీ. ఏ1 అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలను సెకనుకు కనీసం 1500 సార్లు చదవగలగడం, 500 సార్లు రాయగలగడం. ఆటలకు ఈ ఏ1 గుర్తే ఎక్కువ ఉపయోగం. దాని పై మెట్టు ఏ2 కార్డు పూర్తి వేగం అందుకోవాలంటే పరికరం కూడా దానికి తగిన సదుపాయం ఇవ్వాలి కనుక, ఎక్కువ డబ్బు పెట్టే ముందు ఆలోచించండి. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 సంగతి వేరు. దానిలో ఆటలు దాచడానికి మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డే కావాలి. మామూలు మైక్రోఎస్‌డీ లోపల పడుతుంది గానీ ఆటలకు పనికిరాదు. దుకాణంలో ఎక్స్‌ప్రెస్ అనే మాట నొక్కి చెప్పండి, కార్డు వెనక రెండో వరుస పిన్నులు ఉన్నాయో లేదో చూడండి.

మూడో మెట్టు: ఏ ఫార్మాట్?

నా మొదటి సలహా: పరికరమే కార్డును ఫార్మాట్ చేయగలిగితే దాని చేతే చేయించండి. తనకు ఏది నచ్చుతుందో దానికే బాగా తెలుసు.

స్విచ్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, సిస్టమ్, ఫార్మాటింగ్ ఆప్షన్స్ వరుసలో వెళ్తే కార్డు ఫార్మాట్ కనిపిస్తుంది. 32 జీబీ దాకా కార్డులు ఫ్యాట్32తోను, 64 జీబీ మొదలుకొని ఎక్స్‌ఫ్యాట్‌తోను అమ్ముడవుతాయి. ఫర్మ్‌వేర్, ఫైల్ సిస్టమ్ ఒకదానికొకటి ఎదురయ్యేది ఇక్కడే. ఎక్స్‌ఫ్యాట్ చదవడానికి స్విచ్‌కు ఒక అప్‌డేట్ కావాలి. పెట్టెలోంచి తీసిన స్విచ్‌లో 64 జీబీ కార్డు పెట్టి, వైఫై లేకుండా ఆడబోతే "కార్డు వాడలేం, అప్‌డేట్ కావాలి" అన్న అర్థంలో సందేశం వస్తుంది. కార్డు పాడైందని దుకాణానికి పరుగెత్తకండి, ఇంటర్నెట్‌కు కలపండి. పెద్ద కార్డుకు మారుతుంటే పాత కార్డులోని నింటెండో ఫోల్డర్‌ను కంప్యూటర్ ద్వారా కొత్త కార్డుకు నకలు చేయవచ్చు. ఆ కార్డు మీ పరికరంలోనే పనిచేస్తుంది. స్నేహితుడి స్విచ్‌లో పెడితే ఆ సమాచారం తెరుచుకోదు.

పీఎస్‌పీ కాలం ఫ్యాట్32ది. మెమరీ స్టిక్‌లు దొరకడం కష్టమైన ఈ రోజుల్లో మైక్రోఎస్‌డీని మెమరీ స్టిక్ ప్రో డ్యుయోగా మార్చే చిన్న అడాప్టర్లు వాడుతున్నారు. అడాప్టర్‌లో కార్డు పెట్టి, సెట్టింగ్స్‌లోని సిస్టమ్ సెట్టింగ్స్ నుంచి పీఎస్‌పీలోనే ఫార్మాట్ చేస్తే అవసరమైన ఫోల్డర్లు కూడా అదే వేసుకుంటుంది. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీకి ఒక్క బైటు తక్కువ దాకా మాత్రమే ఉండగలదు. పీఎస్‌పీ డిస్కు మొత్తం 1.8 జీబీయే కాబట్టి ఆ హద్దు ఇక్కడ అడ్డురాదు.

స్టీమ్ డెక్ కార్డును ఎక్స్‌ట్4గా మారుస్తుంది. అది లైనక్స్ పద్ధతి, విండోస్ తనంత తానుగా చదవలేదు. విండోస్ మీద నడిచే ఆసుస్ రాగ్ ఆలై లాంటి పరికరాలకు ఎన్‌టీఎఫ్‌ఎస్ మంచిది. ఎక్స్‌బాక్స్ యాప్ నుంచి దించే ఆటలకు అది తప్పనిసరి కూడా. ఒకే కార్డును డెక్‌కూ ఆలైకీ మార్చి మార్చి వాడాలనే ఆశ పెట్టుకోకండి. రెండు కార్డులు కొనుక్కోవడమే మేలు.

ఇక కంప్యూటర్లోనే ఫార్మాట్ చేయక తప్పని సందర్భం: రెట్రో పరికరానికి 64 జీబీ లేదా అంతకంటే పెద్ద ఆటల కార్డును ఫ్యాట్32 చేయాలి. విండోస్‌లో కుడి నొక్కుతో వచ్చే ఫార్మాట్ కిటికీ చాలా ఏళ్లుగా 32 జీబీ దాటి ఫ్యాట్32 చూపించదు. అది విండోస్ పెట్టుకున్న హద్దే గానీ ఫ్యాట్32 హద్దు కాదు. 2024 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ విండోస్ 11 పరీక్షా కూర్పులో కమాండ్ ద్వారా 2 టీబీ దాకా అనుమతించింది. మామూలు వాడుకకు రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్ సరిపోతుంది. క్రమం ఇది:

1. మిగతా పెన్‌డ్రైవ్‌లు, బయటి హార్డ్‌డిస్కులు అన్నీ కంప్యూటర్ నుంచి తీసేయండి. తప్పు డ్రైవ్‌ను చెరిపే ప్రమాదం అసలు లేకుండా పోతుంది.
2. కార్డు పెట్టి రూఫస్ తెరవండి. చూపిస్తున్న పరిమాణం మీ కార్డుదేనా అని చూడండి.
3. బూట్ ఎంపికలో బూట్ కానిది అనే అర్థమున్న వరుస ఎంచుకోండి.
4. ఫైల్ సిస్టమ్ దగ్గర ఫ్యాట్32 ఎంచుకోండి. క్లస్టర్ పరిమాణాన్ని అది సూచించినట్టే వదిలేయండి.
5. పూర్తయ్యాక ఎజెక్ట్ చేసి మాత్రమే కార్డు తీయండి.

మీ రెట్రో ఫర్మ్‌వేర్ ఎక్స్‌ఫ్యాట్ చదవగలిగితే, 4 జీబీ దాటే ఫైళ్లు ఉంటే, ఎక్స్‌ఫ్యాట్ వాడండి. అవసరం లేకపోతే నేను ఫ్యాట్32 వైపే మొగ్గుతాను, ఆవర్జాకు రెండో ప్రతి ఉంటుంది కనుక.

ఆ ప్రశ్నకు "వద్దు" అనండి

రెట్రో పరికరం సిస్టమ్ కార్డును విండోస్ కంప్యూటర్లో పెట్టగానే "ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని అడుగుతుంది. ఒక్కోసారి రెండు మూడు సార్లు వరుసగా అడుగుతుంది. కార్డు పాడవలేదు. దానిలో అనేక భాగాలు ఉంటాయి, కొన్ని ఎక్స్‌ట్4లో ఉంటాయి, విండోస్‌కు ఆ భాష రాదు. తనకు అర్థం కాని ప్రతి గదినీ ఖాళీ గది అనుకుంటుంది. ప్రతిసారీ రద్దు నొక్కండి. కార్డు పిల్లల చేతికి ఇచ్చే ముందు ఈ ఒక్క మాట వాళ్లకు కూడా చెప్పండి.

నాలుగో మెట్టు: ఫర్మ్‌వేర్

ఫర్మ్‌వేర్ ఎక్కే నిమిషాల్లో పరికరం పాత సిస్టమ్‌ను చెరిపి కొత్తది రాస్తూ ఉంటుంది. అప్పుడు శక్తి ఆగితే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. బ్యాటరీ సగానికి పైగా ఉండాలి, ఛార్జర్ కూడా తగిలించి ఉండాలి. ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది. పాత పీఎస్‌పీలో బ్యాటరీ ఉబ్బి ఉంటే ముందు దాన్ని మార్చండి, ఆ తరువాతే అప్‌డేట్. కంప్యూటర్లో కార్డు మీద ఇమేజ్ రాస్తుంటే డెస్క్‌టాప్ కంటే బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ మేలు. ఇక మే నెలలో ఈ పని పొద్దున్నే చేయండి, మబ్బు పట్టిన సాయంత్రం కాదు.

స్విచ్‌లో సిస్టమ్ అప్‌డేట్ నొక్కడమే పని. ఒక్క హెచ్చరిక ఉంది: ఇది తిరుగు లేని దారి. కొన్ని అప్‌డేట్ల తరువాత చిప్‌లోని సూక్ష్మ ఫ్యూజులు శాశ్వతంగా కాలిపోతాయి. అంతకంటే పాత కూర్పు ఎక్కిస్తే పరికరం ఆ ఫ్యూజులు లెక్కపెట్టి తెరుచుకోదు.

పీఎస్‌పీకి సోనీ 2015లో ఇచ్చిన 6.61 చివరి కూర్పు. మెమరీ స్టిక్‌లో పీఎస్‌పీ ఫోల్డర్, దానిలో గేమ్ ఫోల్డర్, దానిలో అప్‌డేట్ ఫోల్డర్, అన్నీ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉండాలి. చివరి ఫోల్డర్లో ఈబూట్ అనే అప్‌డేట్ ఫైలు ఉంచి, గేమ్ మెనూలోని మెమరీ స్టిక్ నుంచి నడపాలి. ఫోల్డర్ పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా అప్‌డేట్ నడవకపోవచ్చు.

స్టీమ్ డెక్ ఈ విషయంలో నాకు బాగా నచ్చిన పరికరం. దానిలో సిస్టమ్‌కు రెండు గదులు ఉంటాయి. మీరు ఒక గదిలో ఉండగా కొత్త కూర్పు రెండో గదిలో రాయబడుతుంది. అంతా సరిగా ఉంటేనే తరువాతిసారి అందులోకి మారుతుంది. మారాక ఇబ్బంది వస్తే, మూడు చుక్కల బటన్ పట్టుకుని పవర్ నొక్కి పాత కూర్పుకు వెళ్లవచ్చు. మీ ఆటలు, ఫైళ్లు వేరే చోట ఉంటాయి కాబట్టి వాటికి తాకిడి ఉండదు. పరికరాన్ని అన్నింటికంటే ముందు మేల్కొలిపే ప్రోగ్రామైన బయాస్ అప్‌డేట్‌కు మాత్రం ఈ రెండు గదుల భరోసా ఉందని అనుకోకండి. ఆ సమయంలో తెర కొద్దిసేపు నల్లబడవచ్చు. ఓపిక పట్టండి, బటన్లు నొక్కకండి.

విండోస్ పరికరాల్లో బయాస్ మార్చే ముందు డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్కుకు వేసే రహస్య తాళం) సంగతి చూడాలి. అది ఆన్‌లో ఉంటే, బయాస్ మారాక 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే తెరిచి కాగితం మీద రాసుకోండి. కీ దొరకకపోతే డిస్కులోని సమాచారం మీకే తెరుచుకోదు.

రెట్రో పరికరాల్లో ఇమేజ్ ఫైలును కార్డు మీదికి లాగి వదిలితే పనిచేయదు. బలేనా ఎచర్ లాంటి పనిముట్టుతో రాయాలి, రాశాక అది చేసే సరిచూపు పూర్తయ్యేదాకా ఆగాలి. ఫర్మ్‌వేర్ తయారుచేసినవాళ్ల సొంత పేజీ నుంచే దించుకోండి. ఫైలు మారకుండా వచ్చిందో లేదో తేల్చే ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్య ఇచ్చి ఉంటే మీ ఫైలు సంఖ్యతో పోల్చండి. మీ పరికరం నమూనా పేరు అక్షరం అక్షరం చూడండి. ఒకే పేరుతో, లోపల వేర్వేరు తెరలతో వచ్చే నమూనాలు ఉంటాయి. తప్పు ఇమేజ్ వేస్తే తెర నల్లగానే ఉంటుంది.

మధ్యలో ఆగిపోతే

కార్డు నుంచి నడిచే రెట్రో పరికరమైతే భయం అక్కరలేదు. మళ్లీ ఇమేజ్ రాయండి. స్టీమ్ డెక్‌కు దాని తయారీదారు వాల్వ్ ఇచ్చే రికవరీ ఇమేజ్‌ను పెన్‌డ్రైవ్ మీద రాసి, వాల్యూమ్ తగ్గించే బటన్ పట్టుకుని పవర్ నొక్కితే బూట్ జాబితా వస్తుంది. అక్కడి ఎంపికల్లో సొంత ఫైళ్లు ఉంచి సిస్టమ్ మాత్రమే తిరిగి వేసేది, అంతా చెరిపేసేది వేర్వేరుగా ఉంటాయి. చదివి నొక్కండి. స్విచ్ కదలకపోతే పవర్ బటన్‌ను పన్నెండు సెకన్లకు పైగా పట్టుకుని ఆపి, మళ్లీ తెరిచి చూడండి. అప్పటికీ నల్లతెరే అయితే విప్పే ప్రయత్నం చేయకుండా బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

అంతా సవ్యంగా తెరుచుకున్నాక సేవ్ ఫైళ్లను వాటి చోటికి తిరిగి చేర్చి, ప్రతి ఆటనూ ఒకసారి తెరిచి, పాత సేవ్ నుంచి అయిదు నిమిషాలు ఆడి చూడండి. పాత కార్డు మీద తేదీ రాసిన చిన్న కాగితం అంటించి, కనీసం ఒక నెల చెరపకుండా బీరువాలో ఉంచండి. మా మేనల్లుడి కార్డు ఇప్పుడు అలాగే ఉంది. ఆ తేదీ వాడే రాశాడు.